లోపలి గడియ

మా ఇంగ్లీషు టీచరు గారు పోయారన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనే విన్నాను, అదీ వినకూడని చోట. అమలాపురంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలపడం నా ఉద్యోగం. ఆ మధ్యాహ్నం రాజోలు వైపు నుంచి మండపేటకి ఒక అర్జంటు కాల్ వచ్చింది. లైను కలిపాక రెండు వైపులా మాట వినిపిస్తోందో లేదో చూడ్డానికి ఒక్క క్షణం చెవి పెడతాం. అది మా పద్ధతి. "హలో, రైసు మిల్లేనాండీ? గుమస్తా గారిని పిలవండి. ఏవండీ, నేను చర్చి అయ్యగారినండి. మీ అక్కగారు, టీచరు గారు, పొద్దున్న పోయేరండి. ఆయ్, గుండె నొప్పండి. వరండాలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయేరు." మా ఊరి అయ్యగారి గొంతు నేను గుర్తుపట్టలేకపోవడమేమిటి? చెవి తీసెయ్యాల్సిన దాన్ని అలాగే ఉండిపోయాను.

విన్నది విననట్టుండాలి, విన్నది బయట అనకూడదు. ఉద్యోగంలో చేరిన రోజున మాకు మొదట చెప్పే మాట అదే. నా నోట్లో నువ్వుగింజ నానదని మా బామ్మ ఊరంతా చాటింపు వేసేది. అలాంటి నేను, పక్క సీట్లో అమ్మాయి "ఏమైంది అక్కా, కళ్లు అలా ఉన్నాయి?" అంటే, "నలక పడింది" అన్నాను. ఎదర బోర్డు మీద దీపాలు వెలుగుతున్నాయి, ఎవరో "హలో, హలో, నిద్రపోతున్నారా?" అని కేకలేస్తున్నారు. మామూలు రోజైతే ఆయనకి తగిన జవాబు చెప్పేదాన్నే. ఆ రోజు "సారీ అండి" అని కలిపేశాను.

సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనకి మాత్రం చెప్పాను. ఎలా తెలిసిందని ఆయన అడగలేదు. లెక్కల మాస్టారు, మితభాషి. "మీ ట్యూషన్ టీచరు గారేనా? రేపు సెలవు పెడతాను, కలిసెళ్దాం. పాపని కూడా తీసుకెళ్దాం, అమ్మ మోకాళ్లతో దాని వెనకాల పరిగెత్తలేదు" అన్నారు. సరేనన్నాను. ఆయన పక్కనుండగా ఆ ఊళ్లో ఎవరేమంటారో అని నాలో మొదలైన దడ మాత్రం ఆయనకి చెప్పలేదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు శివాలయంలో అర్చకులు. అమ్మ నా చిన్నప్పుడే పోతే బామ్మే పెంచింది. టీచరు గారిది కాలవ అవతల క్రైస్తవుల పేట. వాళ్ల తాత మా వీధి వాళ్ల పొలాల్లో కూలికి వెళ్లిన మనిషి. తండ్రి మిషన్ బడిలో చదివి మాస్టరయ్యారు. ఆవిడ బి.ఏ. చదివి, మా ఆడపిల్లల హైస్కూలుకి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చారు. నేత చీర, నల్ల గొడుగు, సుద్దముక్కకి చుట్టిన కాగితం, ఇవీ ఆవిడ. తెరిచి ఉన్న తలుపైనా సరే రెండుసార్లు తట్టి గానీ మా క్లాసులోకి వచ్చేవారు కాదు. "టీచర్, మీరు కూడా తట్టాలాండీ?" అని అడిగితే, "లోపల మీరున్నారు కదమ్మా, అడక్కుండా ఎలా వస్తాను?" అనేవారు. మా ఇళ్లల్లో ఆడపిల్లని అడిగి గదిలోకొచ్చిన వాళ్లని మేం చూడలేదు. మాకు అది నవ్వుగా ఉండేది.

ఇంగ్లీషు మాటలు ఆవిడ అర్థాలు రాయించి బట్టీ పట్టించేవారు కాదు. ఒకే కుటుంబం మాటల్ని బోర్డు మీద ఒకచోట కూర్చోబెట్టి, ఒక్కొక్కదాని స్వభావం చెప్పేవారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి, దాగి ఉన్నదాన్ని బయటపెట్టే మాటలు రాశారు. రివీల్ అంటే, శీతాకాలం పొద్దున్న మంచు విడిపోయి గోదారి అవతలి గట్టు కనపడటం. లీక్ అంటే, ఎండ్రకాయ బొరియలోంచి చేలో నీళ్లు పోవడం. ఎవరూ కావాలని చెయ్యలేదు, నీళ్లు మాత్రం పోయాయి. అన్‌వీల్‌కి చప్పట్లుంటాయి, సెంటర్లో విగ్రహం మీద మంత్రిగారు గుడ్డ లాగినట్టు. డైవల్జ్ అంటే రేవులో చెవిలో చెప్పింది తీసుకెళ్లి కిళ్లీ కొట్టు దగ్గర చెప్పడం. అందరం నవ్వాం. ఎక్స్‌పోజ్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నవ్వలేదు. "గాలివానకి ఇంటి కప్పు ఎగిరిపోతే లోపలి మంచం, కుండలు, పాత బట్టలు దారినపోయే వాళ్లందరికీ కనపడతాయే, అది" అన్నారు.

ఆ మాట ఎందుకలా అన్నారో క్లాసులో అందరికీ తెలుసు. కిందటేడు మచ్చల డాక్టరు మా బడికి వచ్చాడు. ఆయన నిజానికి డాక్టరు కాదు, కుష్టు మచ్చలు వెతికే ప్రభుత్వ ఉద్యోగి, సైకిల్ మీద ఊరూరూ తిరిగేవాడు. మనిషి మంచివాడే గానీ గొంతు మైకు. వరండాలో అందర్నీ వరసగా నిలబెట్టి చూసి, ఒక అమ్మాయి వీపు మీద మచ్చ దొరగ్గానే అక్కడికక్కడే పేరు, తండ్రి పేరు గట్టిగా చెప్పి రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఆ జబ్బుని పేరు పెట్టి అనేవారు కాదు, పెద్ద రోగం అనేవారు. మర్నాడు ఆ అమ్మాయి బెంచీని ఫినాయిలు పోసి కడిగారు. ఆ అమ్మాయి మళ్లీ బడికి రాలేదు. నెల తిరక్కుండా వాళ్ల ఇంటికి తాళం పడింది.

సరిగ్గా ఆ పాఠం జరుగుతున్న రోజుల్లోనే నా ఎడమ మోచేతి కింద రూపాయి కాసంత మచ్చ ఉంది. లేత రాగి రంగు. దురద లేదు, నొప్పి లేదు. శోభి మచ్చే అని బామ్మ వస కొమ్ము అరగదీసి రాసింది. తర్వాత మోచెయ్యి లాగుతోందంటే ఉప్పు మూట పెనం మీద వేడిచేసి కాపడం పెట్టింది. ఎంతసేపు పెట్టిందో, బొబ్బ లేచింది. నేను కిక్కురుమనలేదు. "చూశావురా, నీ కూతురు! మగపిల్లాడైనా గగ్గోలు పెట్టేవాడు, ఇది కదల్లేదు" అని మా నాన్నగారి ముందు మెచ్చుకుంది. నేనూ గొప్పగా పొంగిపోయాను. పదమూడేళ్ల పిల్లకి ఇంట్లో మెప్పు దొరకడమే తక్కువ.

బొబ్బ చితికి జాకెట్టు చెయ్యి తడిసింది. టీచరు గారు డిక్టేషన్ చెబుతూ నా పక్కన ఆగారు.

"ఏంటమ్మా అది?"

"కాపడం కాలిందండి, టీచర్."

"బాగా మండుతోందా?"

"అస్సలు లేదండి. కాలుస్తున్నా ఏడవలేదని మా బామ్మ మెచ్చుకుందండి."

ఆవిడ చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బడి వదిలాక నన్ను కుట్టుగదిలోకి తీసుకెళ్లారు. కిటికీ వైపు తిప్పి నిలబెట్టి, "బయట కొబ్బరిచెట్టు చూస్తూ ఉండు. నేనెక్కడ ముట్టుకుంటే అక్కడ చెప్పు" అన్నారు. అరచేయి అన్నాను. మణికట్టు అన్నాను. తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు.

"ఎప్పుడు ముట్టుకుంటారు టీచర్?" అన్నాను విసుగ్గా.

తిరిగి చూశాను. ఆవిడ జడపిన్ను కొస నా మచ్చ మీద ఆనించే ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ నా చెయ్యి వదల్లేదు, గట్టిగా పట్టుకున్నారు. "ఇది నయమైపోతుంది. విన్నావా? మాత్రలున్నాయి. పెందరాళే మింగితే వేళ్లకి ఏమీ కాదు. ఎవరికీ చెప్పకు. నేనూ చెప్పను. మీ నాన్నగారితో మాత్రం మాట్లాడాలి" అన్నారు. ఇంటికెలా నడిచానో గుర్తు లేదు. మర్నాడు ప్రార్థన దగ్గర హెడ్‌మిస్ట్రెస్ గారు ప్రకటించారు, వచ్చేవారం మచ్చల సర్వే అని. ఓరి దేవుడా, కాలం కూడా అలాగే కలిసొస్తుంది!

టీచరు గారు మా ఇంటికి వచ్చారు. అరుగు దాకానే వచ్చారు, అంతకంటే లోపలికి రానిచ్చే ఇల్లు కాదు మాది. నాన్నగారు మధ్యాహ్నం పంచాంగం చూసుకుంటున్నారు. బామ్మ తలుపు వెనక, నేను బామ్మ వెనక. ఆవిడ డొంకతిరుగుడు లేకుండా చెప్పారు. నాన్నగారి మొహం పాలిపోయింది.

"మా వంశంలో అలాటిది లేదండి, టీచరు గారూ."

"వంశాన్ని చూసి రాదండి అది."

"మీకు తెలీదు. ఈ మాట పెదవి దాటితే పృథివి దాటుతుంది. నా కూతురికి పెద్ద రోగం అని ఒక్కరన్నా రేపట్నుంచి నన్ను గర్భగుడి గడప తొక్కనివ్వరు. అదొక్కటే నాకున్న బతుకు."

"తెలుసండి. అందుకే వీధి తలుపు మూసే వేళ చూసి వచ్చేను."

"సర్వే రోజున దాన్ని బడికి పంపను."

"పంపకపోతే ఇంటికొస్తారండి. బడికి రాని పిల్లల్నే ముందు వెతుకుతారు. ఆయన గొంతు మీకు తెలుసు కదండీ, మీ వీధిలో నిలబడి పిలుస్తాడు."

తలుపు వెనక బామ్మ గొణిగింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఊరుకోమనరా ఆవిణ్ణి." టీచరు గారికి వినపడింది. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "మా మేనత్తకి కూడా ఇలాగే మచ్చతోనే మొదలైందండి, బామ్మ గారూ. మా వాళ్లు దాచేరు. చాలా బాగా దాచేరు. వేళ్లు వంకర్లు పోయేక మరి దాచడానికి ఏమీ మిగల్లేదు. మీరు చెప్పకపోయినా, నేను చెప్పకపోయినా, కొన్నాళ్లకి ఆ చెయ్యే చెబుతుందండి." నాన్నగారు పంచాంగం మూశారు. "ఆలోచిస్తాను" అన్నారు. ఆవిడ గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో ఎవరూ సరిగా తిన్లేదు.

సర్వే రోజు పొద్దున్న నాన్నగారే నన్ను బడికి తీసుకొచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. గేటు దగ్గర టీచరు గారితో ఒక్క మాటే అన్నారు. "మీదే భారమండి." "ఆయ్, నేను చూసుకుంటానండి" అన్నారావిడ.

ఏం చేశారో చెబుతాను. వరండాలో వరస పెట్టనివ్వలేదు. "ఎదిగిన ఆడపిల్లలండీ, నలుగురిలో చేతులూ వీపులూ చూపించడమేంటండీ?" అని కుట్టుగదికి తన దుప్పట్లు తెరలా కట్టించారు. ఒక్కొక్కరే లోపలికి. తను లోపలే కూర్చున్నారు. పైగా ఒక నియమం పెట్టారు. పరీక్ష అయ్యాక ప్రతి అమ్మాయీ ఆ వారం మాటల్లో ఆవిడ అడిగిన ఒకదానికి అర్థం చెప్పి, వాక్యం చెప్పి గానీ బయటికి రాకూడదు. మచ్చల డాక్టరు గింజుకున్నాడు. "ఇలాగైతే సాయంత్రం అయిపోద్దండి." "అవనివ్వండి, మజ్జిగ తెప్పిస్తాను" అన్నారు. అందరికంటే ముందు తను స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపారు. అది మాకు తెరలోంచి నీడలా కనపడింది.

ఈ నియమం ఎందుకో నాకు ఒక్కదానికే తెలుసు. బయట పిల్లలు చెవులు రిక్కించి ఉన్నారు. "ఎక్కువసేపు ఉన్నవాళ్లకే మచ్చంట" అని మునసబు గారమ్మాయి అప్పటికే పుకారు లేపింది. ఎవరు త్వరగా వచ్చారు, ఎవరు ఆలస్యంగా వచ్చారు అని దానికదే తీర్పులు చెబుతోంది. నా వంతు వచ్చేసరికి జాకెట్టు చెయ్యి మోచేతి కిందికి లాక్కుని లోపలికి వెళ్లాను.

మచ్చల డాక్టరు చూడగానే పట్టేశాడు. ఈకతో మచ్చ మీద నిమిరి చూశాడు, మోచేతి వెనక నరం వత్తాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏ మాట వచ్చినా తెర బయటికి వినపడుతుంది. టీచరు గారు లేచి నిలబడి, ఆయన మొహం ముందు అరచెయ్యి పెట్టి, నా వైపు తిరిగి గట్టిగా అన్నారు. "ఊఁ, డిస్‌క్లోజ్! అర్థం చెప్పమ్మా!"

మాట రాదే! ఆవిడ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. క్లాసులో ఆవిడ చెప్పింది గుర్తొచ్చింది. "తలుపుకి గడియ లోపలి వైపు ఉంటుందండి," అన్నాను. "లోపలున్నవాళ్లే తియ్యాలండి. బయటివాళ్లు తీస్తే అది వేరే మాటండి."

"వెరీ గుడ్. వాక్యం?"

నేను వాక్యం తడుముకుంటుంటే ఆవిడ ఆయన చెవిలో ఏదో అంటున్నారు. ఆయన అడ్డంగా తల ఊపాడు. ఆవిడ మళ్లీ అన్నారు. ఆయన నన్ను చూశాడు, ఆవిణ్ణి చూశాడు, చివరికి సరేనన్నాడు. నేను బయటికి వచ్చాను. ఎవరూ నన్ను ప్రత్యేకంగా చూడలేదు. హమ్మయ్య అని గోడకి చేరగిలపడ్డాను.

నా తర్వాత మునసబు గారమ్మాయి వెళ్లింది. దానికి ఏ మాట పడిందో గానీ, ఒక్క ముక్క రాలేదు. ఎంతకీ బయటికి రాదు. వచ్చేసరికి క్లాసంతా దాన్నే చూస్తోంది. అది లేపిన పుకారు దాని నెత్తిమీదే కూర్చుంది. "నాకేం లేదు! నాకేం లేదు!" అని బావురుమంది. నాకు, నిజం చెప్పొద్దూ, లోపల సంతోషమే వేసింది. టీచరు గారు మాత్రం తెర తప్పించుకుని పరిగెత్తుకొచ్చారు. "పాఠం రాక నిలబడిందర్రా! నేనే నిలబెట్టేను!" అని అందరికీ వినపడేలా చెప్పి, దాని తల నిమిరారు. ఆ తర్వాత వెళ్లిన ప్రతి పిల్లనీ కావాలని ఆలస్యం చేశారు. తన ఎత్తు ఇంకో పిల్లకి దెబ్బ తగిలించిందని ఆవిడ చాలాకాలం బాధపడ్డారు.

ఆ వారం నుంచే నేను ఆవిడ దగ్గర ట్యూషన్‌లో చేరాను. పేటలో, ఆవిడ ఇంటి వరండాలో. వెళ్లగానే మంచినీళ్లు, తెల్ల మాత్ర. తర్వాత పాఠం. అర్చకుల గారమ్మాయి పేటకి ట్యూషన్‌కి వెళ్లడమేమిటని మా వీధి నాన్నగారిని ఆడిపోసుకుంది. ఆయన విని ఊరుకున్నారు. ఇంటికి రాగానే బామ్మ నా నెత్తిన బావి నీళ్లు పోసేది. తడి జడతో బడికి వెళ్తే టీచరు గారు నవ్వేవారు. "మంచిదే, రెండు పూటలా స్నానం ఆరోగ్యం" అనేవారు. ఆవిడకి తెలియదా ఆ నీళ్లెందుకో! నాకు మాత్రం బామ్మ మీద ఒళ్లు మండేది.

మొదట్లో ఓ రోజు మాత్ర చేతిలో పెట్టుకుని ఏడ్చాను. "నేనేం తప్పు చేశానండీ? అందరికీ చెప్పేసుకుని ఒప్పేసుకుంటే పోదా?" అన్నాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఒప్పుకోవడాన్ని కన్‌ఫెస్ అంటారమ్మా. తప్పు చేసినవాళ్లు చేసే పని అది. నీ దగ్గర తప్పు లేదు, జబ్బుంది. జబ్బు సంగతి ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది నీ ఇష్టం. నేనూ అడగను, మీ నాన్నగారినీ అడగనివ్వను." మాత్ర మింగాను. ఇంటర్మీడియట్ దాకా మింగుతూనే ఉన్నాను. మచ్చ చప్పబడింది, నరం నొప్పి పోయింది, వేళ్లు నిక్షేపంగా ఉన్నాయి. ఇదిగో, వాటితోనే ప్లగ్గులు పెట్టి మీ కాల్స్ కలుపుతున్నాను.

ట్యూషన్‌లో నాతో పాటు ఇంకో నలుగురైదుగురు పిల్లలుండేవారు. ఒక్కొక్కరే మానేశారు. "ఎందుకండీ రావట్లేదు?" అంటే, "దూరమైపోయిందిట" అనేవారు. ఎదురింటి పిల్లకి దూరమేమిటి అని నాకు తోచలేదు.

పెళ్లప్పుడు నాన్నగారు చెప్పొద్దన్నారు. టీచరు గారు అక్షింతలు వెయ్యడానికి వచ్చి, చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. నేను చెప్పలేదు. మోచేతి దగ్గర మరక ఏమిటని మా ఆయన అడిగితే "చిన్నప్పుడు కాపడం కాలింది" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఏ సర్వే జీపు మా వీధిలో ఆగినా, అత్తగారు ఎవరి చేతి మీదో మచ్చ గురించి మాట్లాడినా, కొంగు మోచేతి మీదికి లాక్కునేదాన్ని. నాన్నగారు, బామ్మ, ఆ మచ్చల డాక్టరు కూడా పోయాక ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో టీచరు గారు ఒక్కరే మిగిలారు.

అంత్యక్రియలకి వెళ్లేసరికి చర్చి ఆవరణలో చాపలు పరిచి ఉన్నాయి. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. పాప వాళ్ల నాన్న దగ్గర కూర్చుంది. శవపెట్టె చుట్టూ కాస్త ఎడంగా కూర్చున్నారందరూ. ఎండకని అనుకున్నాను. నా వెనకాల ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు.

"తానం చేయించడానికి ఎవరూ రాలేదంట. అయ్యగారి భార్యే చేయించేరంట."

"ఏం?"

"నీకు తెలీదా? ఆవిడకి పెద్ద రోగం కదే. మచ్చల డాక్టరు నెలనెలా ఈ ఇంటికే వచ్చేవోడు మాత్రలిచ్చి పోడానికి. మా పిల్లల్ని అప్పుడే మానిపించేసేం. పెళ్లి కూడా అందుకే కాలేదు మరి."

తెర వెనక ఆయన చెవిలో ఆవిడ చెప్పింది ఏమిటో అప్పటికి తెలిసింది. మాత్రలు నా ఇంటికి తెచ్చివ్వండి, ఎవరడిగినా నావే అనుకోనివ్వండి. పేట అనుకుంది. అనుకుంటూనే ఉంది. ఆవిడ ఒక్కసారి కూడా కాదనలేదు. కాదంటే మరెవరివి అని అడుగుతారు కదా! నా జబ్బుని మోసుకుని ఆవిడ బతికారు, ఇప్పుడు దాంతోనే పాతిపెడుతున్నారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, ఆ ఆడవాళ్ల మీద, ఊరి మీద, చెప్పకుండా పోయిన ఆవిడ మీద కూడా.

పాట అయ్యాక అయ్యగారు, "ఎవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే చెప్పచ్చండి" అన్నారు. పోయినవాళ్ల గురించి నిలబడి చెప్పడం వాళ్ల ఆచారం. పాత హెడ్‌మిస్ట్రెస్ గారు లేచి, ఆవిడ సెలవులు పెట్టని మనిషి అన్నారు. నేను మా ఆయన వైపు చూశాను. పాప ఆయన ఒళ్లో చొక్కా గుండీతో ఆడుతోంది. ఇప్పుడు నోరు తెరిస్తే సాయంత్రానికి నాకు ఇల్లుంటుందో లేదో, ఆ పిల్లని నా ఒళ్లోకి రానిస్తారో లేదో. తెరవకపోతే ఇంకో గంటలో మట్టి వేసేస్తారు. లేచి నిలబడ్డాను.

"నేను శివాలయం అర్చకుల గారి అమ్మాయినండి. టీచరు గారికి ఏ రోగమూ లేదండి. రోగం నాదండి. పదమూడో ఏట నా చేతికి కుష్టు మచ్చ వచ్చింది. మచ్చల డాక్టరు తెచ్చిన మాత్రలు నావండి. మా నాన్నగారి గుడి పోకూడదని, నా చదువు ఆగకూడదని, ఆవిడ తనవే అనుకోనిచ్చేరండి. నాకు ఆ మాట ఇప్పుడే, ఇక్కడే తెలిసింది. ఇదిగోండి చెయ్యి." జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించాను.

నా పక్కావిడ కొంగు తన వైపు లాక్కుంది. మండపేట నుంచి వచ్చిన టీచరు గారి తమ్ముడు, పెట్టె పక్కన నిలబడ్డ పెద్దమనిషి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "మాకూ చెప్పలేదమ్మా," అన్నాడు. "మా ఇంటికొస్తే అక్కకి వేరే కంచం పెట్టేవాళ్లం. అందులోనే తిని వెళ్లేది. ఒక్కమాట అన్లేదు." ఆ మనిషి ఏడుస్తుంటే ఎవరూ ఓదార్చలేకపోయారు. కాసేపటికి నా వెనకాల గుసగుసలాడిన ఇద్దరిలో ఒకావిడ లేచి వెళ్లి పెట్టె మీద చెయ్యి వేసింది. తర్వాత చాలామంది లేచారు. మోసేటప్పుడు భుజం పట్టడానికి చోటు చాల్లేదు.

తిరుగు ప్రయాణంలో మా ఆయన బస్సులో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. బోడసకుర్రు రేవులో గోదారి దాటడానికి పంటు ఎక్కాం. పాప ఆయన భుజం మీద నిద్రపోతోంది. ఆయన రెయిలింగు దగ్గర, నేను సైకిళ్ల అవతల. మా మధ్యలో అంతమంది లేరు, అయినా ఆయన ఇటు రాలేదు. పిల్లని నా దగ్గరికి ఇక పంపరేమో అనుకున్నాను. రోజంతా మాట్లాడే ఉద్యోగం చేసేదాన్ని, నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాను.

పంటు సగం పాయ దాటాక ఆయన సైకిళ్లు తప్పించుకుంటూ వచ్చారు.

"చేదుగా ఉండేవా ఆ మాత్రలు?" అన్నారు.

"లేదండి. సుద్దలా ఉండేవి."

తల ఊపారు. పాపని భుజం మీంచి దించి నా చేతుల్లో పెట్టారు. అది కళ్లు తెరవకుండానే సర్దుకుని, తల నా ఎడమ మోచేతి మీదికి వాల్చింది, సరిగ్గా మచ్చ ఉన్న చోట. అక్కడ నాకు ఇప్పటికీ స్పర్శ లేదు. దాని తల బరువు మాత్రం తెలుస్తోంది.